చెడిన ఫోటోలో మిగిలిన పెళ్ళి

పెళ్ళి ఫోటో చెడిపోవడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి పడుతుంది. మండపంలో హోమం పొగ, వెనక ఎల్‌ఈడీ తెర, పక్కన వీడియో లైటు, ఎదురుగా అక్షింతలు వేయడానికి లేచి నిలబడ్డ చుట్టాలు. జీలకర్ర-బెల్లం పెట్టి అడ్డుతెర దించే క్షణం ఎవరి కోసమూ ఆగదు. ఫోకస్ కుదరలేదని మూడు ముళ్ళూ మళ్ళీ వేయమని అడగడానికి వీల్లేదు. అందుకే పెళ్ళి ఫోటోగ్రఫీలో సగం పని పెళ్ళయ్యాక కంప్యూటర్ ముందు జరుగుతుంది.

ఈ లోపాలకు స్టూడియోల్లో పొట్టి పొట్టి మాటలున్నాయి. వెలుగు చాలకపోతే ఫోటో ‘అండర్ అయింది’, ఎక్కువైతే ‘ఓవర్ అయింది’, చెయ్యి కదిలితే ‘షేక్ అయింది’, ఫోకస్ తప్పితే ‘అవుట్ అయింది’. ఏ మాట వాడినా, దిద్దేవారు ముందు తేల్చుకోవలసింది ఒకటే. కావలసిన సమాచారం ఫైల్లో ఉండి కనబడటం లేదా, అసలు నమోదే కాలేదా? ఉండి కనబడనిదాన్ని గణితం బయటికి తీస్తుంది. నమోదు కానిదాన్ని ఏ గణితమూ తీయలేదు. అక్కడ చేయగలిగింది చూసేవారి కంటిని ఇంకో చోటికి మళ్ళించడం, లేదా లేనిదాన్ని కల్పించి అతకడం. సృజనాత్మక ఎడిటింగ్ అని గొప్పగా పిలుచుకునే దాంట్లో ఎక్కువ భాగం ఈ రెండో రకంతో పడే తిప్పలే.

వెలుగు లెక్క

కెమెరా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ చూరు కింద పెట్టిన చెంబు లాంటిది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కాంతి కణాలు, అంటే ఫోటాన్లు పడుతుంటే ఆ చెంబులో ఎలక్ట్రాన్లు పోగవుతాయి. షట్టర్ మూశాక ఏ చెంబులో ఎంత చేరిందో కొలిచి కెమెరా అంకెగా రాసుకుంటుంది. ఆ అంకెలను ఉన్నవున్నట్టు దాచే 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో అంకె 0 నుంచి 16,383 వరకు ఎంతైనా ఉండొచ్చు. అదే ఫోటోను జేపెగ్‌గా మారిస్తే ఒక్కో రంగుకు 256 మెట్లే మిగులుతాయి. ఫోటో చెడిందనగానే ఎడిటర్ మొట్టమొదట ‘రా ఉందా?’ అని అడిగేది ఇందుకే.

చెంబు నిండాక పడ్డ చినుకులకు లెక్క లేదు. ఫ్లాష్ దగ్గరగా పడి పెళ్ళికొడుకు నుదురు తెల్లగా పేలిపోయిన చోట పిక్సెళ్ళన్నీ ఒకే గరిష్ఠ అంకె చూపిస్తాయి. ముడతలూ చెమటా చర్మపు ఛాయా అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. అయితే ఇక్కడ చిన్న వెసులుబాటు ఉంది. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంటు వచ్చిన ఏర్పాటు ప్రకారం, సెన్సర్‌లో ప్రతి నాలుగు చెంబుల్లో రెండింటి మీద ఆకుపచ్చ గాజు, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం ఉంటాయి. ఈ మూడు రంగులూ ఒకేసారి నిండవు. చర్మం విషయంలో సాధారణంగా ఎరుపు ముందు నిండుతుంది. ఆకుపచ్చ, నీలం ఇంకా నిండకపోతే, వాటిని చూసి ఎరుపు ఎంత ఉండేదో సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. రా ఫైల్లో కాస్త ఓవర్ అయిన ఫోటో దారికి రావడం వెనక ఉన్న కిటుకు ఇదే. మూడూ నిండిపోతే మాత్రం ఆ మచ్చ మీద పక్క చర్మపు రంగు పూయడమే మిగులుతుంది. అది బాగు చేయడం కిందికి రాదు, మాసిక వేయడం కిందికి వస్తుంది.

అండర్ అయిన ఫోటో సంగతి వేరు. పెళ్ళిళ్ళలో దీనికి ఒక ప్రత్యేకమైన కారణం ఉంది: మధుపర్కాలు. కెమెరాలోని మీటరు తన ముందున్న దృశ్యం సగటున మధ్యరకం బూడిద రంగులో ఉంటుందని అనుకుని లెక్క వేస్తుంది. తెల్లని నూలుబట్ట తన మీద పడ్డ వెలుగులో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపేస్తుంది. వధూవరులిద్దరూ మధుపర్కాల్లో కూర్చుని ఫ్రేమంతా నిండితే, వెలుగు ఎక్కువైందనుకుని మీటరు ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. తెల్లబట్ట బూడిదరంగులోకి, ముఖాలు నలుపులోకి పోతాయి. ఇది రెండు స్టాపుల దాకా వెళ్ళగల పొరపాటు. ఒక స్టాపు తగ్గడమంటే వెలుగు సగమవడం, రెండు తగ్గితే నాలుగో వంతు, మూడు తగ్గితే ఎనిమిదో వంతు.

చీకట్లో పడ్డ ముఖాన్ని ఎత్తడానికి ఆ అంకెలను హెచ్చవేస్తే చాలు. తీరా హెచ్చవేశాక బయటపడేది నాయిస్, స్టూడియో భాషలో గ్రెయిన్స్. ఇది కెమెరా తయారీ లోపమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇందులో పెద్ద వాటా కాంతి స్వభావానిదే. ఫోటాన్లు వాన చినుకుల్లాగే లెక్క లేకుండా పడతాయి. ఒక చెంబులో సగటున 10,000 పడే చోట హెచ్చుతగ్గు 100 వరకు ఉంటుంది, అంటే నూటికి ఒక వంతు. సగటున 100 పడే చోట హెచ్చుతగ్గు 10, అంటే నూటికి పది వంతులు. హెచ్చుతగ్గు ఎప్పుడూ సంఖ్య వర్గమూలం చొప్పున నడుస్తుంది. మూడు స్టాపులు అండర్ అయిన ఫోటోను ఎత్తితే గరుకుదనం దాదాపు మూడింతలు కనిపించడానికి కారణం ఈ వర్గమూలమే. ఐఎస్‌ఓ పెంచితే కెమెరా ఎక్కువ వెలుగు పట్టుకుంటుందన్నది కూడా భ్రమే. ఐఎస్‌ఓ పట్టుకున్న వెలుగుకు వేసే హెచ్చవేత మాత్రమే.

నాయిస్ తగ్గించే పద్ధతులన్నీ సగటు తీయడం మీదే నిలబడ్డాయి. పక్కపక్క పిక్సెళ్ళకు సగటు తీస్తే గరుకు పోతుంది, దాంతోపాటు కనురెప్ప వెంట్రుకలూ పోతాయి. 2005లో బువాడెస్, కోల్, మోరెల్ అనే ముగ్గురు గణితజ్ఞులు ప్రతిపాదించిన పద్ధతి ఈ చిక్కును తెలివిగా దాటింది. పొరుగున ఉన్నవాటికి బదులు, ఫోటోలో ఎక్కడున్నా సరే ఒకేలా కనిపించే ముక్కలను ఏరి వాటికి సగటు తీయాలన్నారు. పట్టుచీర అంచులో ఒకే నెమలి వందసార్లు వస్తుంది కదా, ఆ వంద నెమళ్ళూ ఒకదానికొకటి సాక్ష్యం. ముఖానికి ఇంత అదృష్టం లేదు, ఫోటోలో అలాంటి కన్ను ఇంకొకటే ఉంటుంది.

కంటికి వెలుగుచీకట్ల తేడాలు తెలిసినంత సన్నగా రంగు తేడాలు తెలియవు. అనుభవం ఉన్న ఎడిటర్ దీన్ని వాడుకుంటాడు. ఎరుపు, పచ్చ చుక్కలుగా కనిపించే రంగు నాయిస్‌ను గట్టిగా చెరిపేసి, వెలుగు నాయిస్‌ను కొంత అలాగే వదిలేస్తాడు. అలా వదిలిన గరుకు పాత ఫిల్ము గరుకులా కనిపించి ఫోటోకు మేలే చేస్తుంది. పూర్తిగా నునుపు చేస్తే పెళ్ళికూతురు మైనపు బొమ్మ అవుతుంది. సన్నని పట్టు నేత కెమెరా పిక్సెళ్ళ వరసతో పోటీపడినప్పుడు చీర మీద లేని ఇంద్రధనుస్సు చారలు పుడతాయి. వాటికీ మందు ఇదే: నేతను ముట్టుకోకుండా ఆ చోట రంగును మాత్రం చదును చేస్తారు.

ఎత్తడానికి కూడా వీలులేనంత చీకటి ఫోటోలు కొన్ని ఉంటాయి. వెనక ఎల్‌ఈడీ తెర వెలుగుతుంటే దాని ముందు నిలబడ్డ జంట నల్లని ఆకారాలుగా మిగిలిపోతారు. అక్కడ తెలివైన పని వ్యతిరేక దిశలో పోవడం. నీడలను ఎత్తకుండా ఇంకా దించి, జంటను పూర్తి నలుపు చేసి, బాసికాల అంచులూ పూలజడ వంపూ మాత్రమే తెలిసే నీడబొమ్మగా తేల్చడం. లోపం ఉద్దేశంగా మారే చోటు ఇది. కాకపోతే ముఖాలు పక్కకు తిరిగి ఉండాలి. ఎదురుగా చూస్తున్న ముఖం నల్లబడితే మిగిలేది గుండ్రటి మచ్చే.

పొగ

హోమం పొగ చేసే పనికి ఒక సులువైన సమీకరణం ఉంది. కెమెరాకు చేరేది రెండు వెలుగుల కలయిక: ముఖం నుంచి వచ్చి పొగలో కొంత తగ్గిపోయిన వెలుగు, పొగే వెదజల్లిన తెల్లటి వెలుగు. రెండోదాన్ని తీసివేసి మొదటిదాన్ని హెచ్చవేస్తే పొగ విచ్చిపోతుంది. ఏ పిక్సెల్‌లో పొగ వాటా ఎంతో తెలుసుకోవడమే కష్టం. 2009లో కైమింగ్ హె, జియాన్ సున్, షియావో టాంగ్ ఒక గమనికతో దీన్ని తేలిక చేశారు. మంచూ పొగా లేని దృశ్యంలో ఏ చిన్న ముక్క తీసుకున్నా, మూడు రంగుల్లో ఏదో ఒకటి దాదాపు సున్నాకు దిగే పిక్సెల్ కనీసం ఒకటి ఉంటుంది. సున్నాకు దిగలేదంటే, ఆ తేడా పొగ తెచ్చిపెట్టిందే.

పొగమంచు పట్టిన కొండల ఫోటోలకు చక్కగా నప్పే ఈ సూత్రం పెళ్ళిలో తడబడుతుంది. తెల్లని మధుపర్కంలో మూడు రంగులూ ఎక్కువగానే ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని కూడా పొగే అనుకుని తోడేయబోతుంది. బట్ట మురికి పట్టినట్టవుతుంది. అందుకే పొగ తగ్గించే డీహేజ్ మీటను ఫోటో మొత్తం మీద కాకుండా ముఖాల మీద మాత్రమే బ్రష్‌తో వాడతారు. అసలు పొగను పూర్తిగా తీసేయాలా అన్నది కూడా ఆలోచించాల్సిందే. హోమగుండం దగ్గర సన్నగా పొగ ఉంటేనే అది హోమం.

పసుపు

రంగుల దిద్దుబాటు దగ్గర తెలుగు పెళ్ళి పెట్టే పరీక్ష మరే పెళ్ళీ అంతగా పెట్టదేమో. కొవ్వొత్తి వెలుగు సుమారు 1,900 కెల్విన్ల రంగు ఉష్ణోగ్రతలో ఉంటుంది, పాతకాలపు బల్బు 2,700 దగ్గర, మధ్యాహ్నపు ఎండ 5,500 దగ్గర, నీడపట్టు 7,000 పైన. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు, నారింజ వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది. మనిషి కన్ను ఈ మార్పులకు తనంతట తానే సర్దుకుంటుంది. మూడు రంగు గ్రాహకాల బలాన్ని విడివిడిగా హెచ్చించో తగ్గించో కన్ను ఈ సర్దుబాటు చేసుకుంటుందని జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త యొహానెస్ ఫాన్ క్రీస్ 1902లోనే ప్రతిపాదించాడు. కెమెరాలోని వైట్ బ్యాలెన్స్ చేసేది కూడా అదే: ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను ఒక్కో గుణకంతో హెచ్చవేస్తుంది.

ఆ గుణకాలు ఎంతో కెమెరాకు ఎవరు చెప్పాలి? ఆటోలో పెడితే, లోకంలోని రంగులన్నీ కలిపితే బూడిద రంగు వస్తుందన్న ఊహను అది ఎంతో కొంత నమ్ముకుంటుంది. మామూలు వీధికి ఆ ఊహ సరిపోతుంది. మండపంలో సరిపోదు. బంతిపూల మాలలు, పసుపు రాసిన పాదాలు, పసుపు కలిపిన తలంబ్రాలు, కుంకుమ, అరటి గెలలు, ఎర్రంచు చీరలు. ఫ్రేమంతా పసుపూ ఎరుపూ నిండి ఉంటే, ఇది బల్బు వెలుగు తెచ్చిన దోషమనుకుని కెమెరా నీలాన్ని పెంచుతుంది. పెళ్ళికూతురి చెంపల మీద తల్లి రాసిన పసుపు వెలిసిపోతుంది. ఫోటో సాంకేతికంగా ‘సరైంది’, పెళ్ళి మాత్రం పాలిపోయింది.

కాబట్టి ఎడిటర్ విడదీయాల్సినవి రెండు పసుపులు: బల్బు తెచ్చిన పసుపు, కొమ్ము నూరితే వచ్చిన పసుపు. దానికి ఫోటోలో తటస్థంగా ఉన్న వస్తువు ఒకటి దొరకాలి. మధుపర్కం తెల్లగా ఉంది కదా అని ఐడ్రాపర్‌తో ఎక్కడపడితే అక్కడ నొక్కితే మోసం వస్తుంది, ఎందుకంటే దాని అంచులకు పసుపు పూస్తారు. బట్ట నడిభాగం నమ్మదగింది. తలంబ్రాల బియ్యం పనికిరాదు. మల్లెపూలు కొంచెం మీగడ రంగులో ఉంటాయి. అతిథుల తెల్లచొక్కాలు ఇంకో రకంగా మోసం చేస్తాయి. ఉతికే పొడుల్లో కలిపే మెరుపు రసాయనాలు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా వెలుగుతాయి, నీలిమందు పెట్టిన పంచెకు ఎలాగూ నీలిఛాయ ఉంటుంది. అలాంటి చొక్కాను తెలుపు అని నమ్మితే ఫోటో అంతా పచ్చబడిపోతుంది. వెండి పళ్ళెం, స్టీలు బిందె కూడా చుట్టూ ఉన్న రంగులనే తిప్పి చూపిస్తాయి. అనుభవం ఉన్నవారు వీటన్నిటినీ చూసి చివరికి కంటి తెల్లగుడ్డునూ పళ్ళనూ సరిచూసుకుని నిర్ణయిస్తారు.

తెల్లవారుజాము పెళ్ళిలో కిటికీ వైపు చెంప నీలంగా, బల్బు వైపు చెంప నారింజగా వస్తుంది. ఒకే గుణకం రెండింటికీ కుదరదు. మాస్కులు గీసి రెండు చెంపలకూ రెండు వైట్ బ్యాలెన్సులు ఇవ్వాలి. ఇవ్వాలంటే ఇవ్వొచ్చు. కానీ తేడాను పూర్తిగా చెరిపేస్తే తెల్లవారుతోందన్న సంగతే ఫోటోలోంచి పోతుంది. సగం తగ్గించి వదిలేయడం మేలు.

ఎరుపు ఇంకో చిక్కు. ఎర్ర పట్టుచీర మీద వెలుగు పడితే ఎరుపు చానెల్ నిండిపోయి, మడతలూ జరీ బుటాలూ లేని ఎర్రటి ముద్ద మిగులుతుంది. ఆకుపచ్చ, నీలం చానెళ్ళను విడిగా తెరిచి చూస్తే మడతలు అక్కడ చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిలో ఒక చానెల్‌ను నలుపు-తెలుపు పొరగా తీసుకుని వెలుగుచీకట్ల వరకే ఎర్రచీర మీద కలిపితే చీర ఊపిరి పోసుకుంటుంది. దాగిన సమాచారాన్ని బయటికి తీయడానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ లేదు.

సంగీత్ వేదిక మీది నీలి ఎల్‌ఈడీ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ వెలుగు దాదాపు 450 నానోమీటర్ల చుట్టూ సన్నని పట్టీలో ఉంటుంది. అందులో ఎరుపు లేదు, కాబట్టి చర్మం తిప్పి పంపడానికీ ఎరుపు లేదు. అసలు పుట్టని రంగును ఏ వైట్ బ్యాలెన్సూ తేలేదు. పైగా వెలుగు తీవ్రత లెక్కల్లో నీలానికి ఇచ్చే వాటా చాలా తక్కువ, సాధారణ వీడియో ప్రమాణంలో నూటికి ఏడు వంతులే. దాంతో మీటరు చీకటిగా ఉందనుకుని ఎక్స్‌పోజర్ పెంచుతుంది, నీలం చానెల్ నిండి పొంగిపోతుంది. పసుపులోని కర్కుమిన్ సరిగ్గా నీలి కాంతినే పీల్చుకుంటుంది కాబట్టి, పసుపు రాసిన చోట్లు ఆ వెలుగులో నల్లగా కమిలినట్టు కనిపిస్తాయి.

ఇలాంటి ఫోటోకు మిగిలిన దారి రంగును వదులుకోవడమే. నిండిపోయిన నీలం చానెల్‌ను పక్కన పెట్టి, ఎరుపు, ఆకుపచ్చ చానెళ్ళలో చేరిన కొద్దిపాటి వెలుగుతో నలుపు-తెలుపు ఫోటో కడతారు. నాయిస్ బాగా ఉంటుంది. దాన్ని దాచకుండా ఫోటో అంతటా ఒకేలాంటి గరుకు చేర్చి సమం చేస్తే, చూసేవారికి అది కావాలని చేసినట్టే ఉంటుంది. ఆల్బమ్‌లో నాలుగైదు నలుపు-తెలుపు ఫోటోలు కళ కోసం పెట్టినట్టు కనిపిస్తే, వాటిలో రెండు మూడింటి పుట్టుక ఇదే అయుండొచ్చు.

కదిలిన చెయ్యి, తప్పిన ఫోకస్

షేక్ అయిన ఫోటోలో ప్రతి బిందువూ చిన్న గీతగా సాగుతుంది. చెయ్యి ఎలా కదిలిందో ఆ గీత వంపు అలాగే ఉంటుంది. సీరియల్ బల్బునో ముక్కుపుడక మెరుపునో దగ్గరగా పెంచి చూస్తే, చుక్క ఉండాల్సిన చోట కొక్కెంలాంటి వంకర కనిపిస్తుంది. ఫోటో అంతా అదే వంకరతో పూసినట్టు. వంకర ఆకారం తెలిస్తే, పూతను వెనక్కి తిప్పి అసలు బొమ్మను రాబట్టే గణితం ఉంది. దాని పేరు డీకన్వల్యూషన్.

ఈ విద్య పేరు తెచ్చుకున్నది ఆకాశంలో. 1990 ఏప్రిల్‌లో పైకి పంపిన హబుల్ టెలిస్కోప్ అద్దం అంచుల దగ్గర సుమారు 2.2 మైక్రాన్ల మేర తప్పుగా అరిగింది, అంటే తలవెంట్రుక మందంలో చిన్న వంతు. నక్షత్రాలన్నీ అలుక్కుపోయాయి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి దిద్దేదాకా శాస్త్రవేత్తలు ఆధారపడింది విలియం రిచర్డ్‌సన్ 1972లో, లియాన్ లూసీ 1974లో విడివిడిగా కనిపెట్టిన పద్ధతి మీద. ఒక్క నక్షత్రం ఎలా అలుక్కుందో చూస్తే మిగతా బొమ్మను ఎలా దిద్దాలో తెలుస్తుంది. పెళ్ళి ఫోటోలో ఆ నక్షత్రం పని ముక్కుపుడక చేస్తుంది. అలాంటి చుక్క దొరకనప్పుడు కూడా ఒకే ఫోటోలోంచి చేతి కదలికను ఊహించవచ్చని 2006లో రాబ్ ఫెర్గస్ బృందం చూపించింది. 2013లో ఫోటోషాప్‌లోకి కదలికను తగ్గించే ఫిల్టర్ వచ్చింది.

దీనికి పరిమితి ఉంది. పూతలో సన్నని వివరాలు బాగా బలహీనపడతాయి. వాటిని తిరిగి హెచ్చవేసేటప్పుడు నాయిస్ కూడా అంతే హెచ్చి, అంచుల చుట్టూ అలలు పుడతాయి. చెయ్యి కొద్దిగా కదిలితే ఈ పద్ధతి పనిచేస్తుంది. పెళ్ళికూతురే తల తిప్పితే, ఫోటోలో ఆమె ముఖం ఒక తీరున, మండపం ఇంకో తీరున అలుక్కుంటాయి. లెక్క కుదరదు.

కదలికంతా దోషం కూడా కాదు. తలంబ్రాలు పోసేటప్పుడు దోసిలి నుంచి 30 సెంటీమీటర్లు జారిన బియ్యపు గింజ సెకనుకు సుమారు 2.4 మీటర్ల వేగం అందుకుంటుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే, ఆ కాస్తలో గింజ 4 సెంటీమీటర్లు దిగి ఫోటోలో పసుపు దారంలా సాగుతుంది. 500వ వంతులో తీస్తే అరసెంటీమీటరే కదిలి గింజ గింజగా నిలుస్తుంది. ముఖాలు నిలకడగా ఉంటే దారాల ఫోటోయే అందంగా ఉంటుంది, వాన పడుతున్నట్టు. దాన్ని దిద్దబోయి చెడగొట్టే ఎడిటర్లే ఎక్కువ.

ఫోకస్ తప్పడం ఇంతకంటే మొండి రోగం. 85 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.4 దగ్గర తెరిచి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో స్పష్టంగా వచ్చే మందం నాలుగున్నర సెంటీమీటర్లే. పెళ్ళికూతురి కన్ను స్పష్టంగా ఉంటే ఆమె వెనక వంగి తాళి కడుతున్న వరుడు మసకలోకి పోతాడు. అన్‌షార్ప్ మాస్క్ లాంటి పదును మీటలు, అంచుకు ఇటు తెలుపు, అటు నలుపు కాస్త పెంచి స్పష్టతను భ్రమింపజేస్తాయి తప్ప పోయిన వివరాన్ని తేలేవు. అందుకని ఎడిటర్ ముందు వెతికేది ఫోకస్ ఎక్కడ పడిందని. వధూవరుల ముఖాలు మసకగా ఉన్న ఫోటోలో కూడా తరచుగా ఏదో ఒకటి పదునుగా ఉంటుంది: ముడి వేస్తున్న వేళ్ళు, గోరింటాకు అరచెయ్యి, కొబ్బరిబోండాం పట్టుకున్న చెల్లెలి చూపు. దాని చుట్టూ క్రాప్ చేస్తే, ముఖాల ఫోటోగా పనికిరానిది చేతుల ఫోటోగా నిలబడుతుంది. ఏదీ పదునుగా లేకపోతే నలుపు-తెలుపు చేసి, గరుకు చేర్చి, కాంట్రాస్టు పెంచుతారు. గరుకులోని సన్నని చుక్కలకు కన్ను అతుక్కుని, అదే పదును అనుకుంటుంది. మనిషి చూపులోని బలహీనతను ఇంత మర్యాదగా వాడుకునే కిటుకు మరొకటి లేదు.

మూసిన కళ్ళు, అడ్డొచ్చిన సీసా

పెళ్ళివారి గ్రూప్ ఫోటోలో ఎవరో ఒకరు కళ్ళు మూస్తారు. ఆస్ట్రేలియాలో పియర్స్ బార్న్స్, నిక్ స్వెన్సన్ అనే ఇద్దరు దీన్ని లెక్క కట్టి 2006లో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇరవై మందికి లోపు గుంపులో, మంచి వెలుగుంటే మనుషుల సంఖ్యను మూడుతో భాగించాలి, వెలుగు తక్కువైతే రెండుతో. అన్ని ఫోటోలు తీస్తే అందరి కళ్ళూ తెరిచి ఉన్నది ఒకటి దొరకడానికి బాగా అవకాశముంది. పన్నెండు మంది అత్తయ్యలూ పిన్నులూ నిలబడితే నాలుగు, చీకటైతే ఆరు. వెనక ఇంకో గుంపు వేదిక ఎక్కడానికి తోసుకొస్తుంటే ఆరుసార్లు నొక్కనిచ్చేదెవరు? ఉన్న రెండు మూడు ఫ్రేముల్లోంచి ఒకరి కళ్ళు తెచ్చి ఇంకో ఫ్రేములో అతకడమే సాధారణంగా జరిగేది.

రెండు ఫోటోల ముక్కలను కలపడం కొత్తదేమీ కాదు. ఆస్కార్ రైలాండర్ 1857లో ముప్ఫైకి పైగా నెగటివ్‌లను కలిపి ఒకే చిత్రం ముద్రించాడు, ఆ మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్‌సన్ ఐదు నెగటివ్‌లతో మరొకటి. డిజిటల్ రాకముందు మన స్టూడియోల్లో నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచప్ చేసేవారు. నెగటివ్‌లో పెన్సిల్ నలుపు పడ్డ చోట ప్రింటులో తెలుపు వస్తుంది, మొటిమ మచ్చలు అలా మాయమయ్యేవి.

డిజిటల్ అతుకులో రహస్యం వేరే ఉంది. ఇంకో ఫోటోలోని కళ్ళను రంగులతో సహా తెచ్చి పెడితే అతుకు తెలుస్తుంది, ఎందుకంటే రెండో ఫోటోలో ఫ్లాష్ కొంచెం బలంగా పడి ఉండొచ్చు. 2003లో పాట్రిక్ పెరెజ్ బృందం చూపిన పద్ధతి రంగులను వదిలేసి, ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కు రంగు ఎంత మారుతోందో ఆ తేడాలను మాత్రమే తెస్తుంది. ఆ తేడాలు చెడకుండా, అంచుల దగ్గర మాత్రం చుట్టూ ఉన్న చర్మపు రంగుతో సరిగ్గా కలిసేలా లోపలి రంగులను లెక్కగడుతుంది. గ్రహించదగ్గ అతుకు ఉండదు.

వేదిక మీద మరిచిపోయిన నీళ్ళసీసా, ఫ్రేములోకి దూరిన సెల్‌ఫోను, వీడియోవారి ట్రైపాడ్ కాలు తీసేయడానికి ఇంకో దారి. తీసేసిన చోట పెట్టదగిన ముక్క కోసం ఫోటో అంతా వెతకాలి. 2009లో వచ్చిన ప్యాచ్‌మ్యాచ్ ఈ వెతుకులాటను ఎన్నో రెట్లు వేగం చేసింది, మరుసటి ఏడాదే అలాంటి పని చేసే మీట ఫోటోషాప్‌లో చేరింది. పూల తెర ముందు సీసాను ఇది చిటికెలో తీసేస్తుంది. ముగ్గు మీద పడ్డ చెప్పును తీయమంటే మాత్రం చుక్కల లెక్క తప్పి కొత్త ముగ్గు పుడుతుంది.

మచ్చలు తీసే ఆటోమేటిక్ మీటలకు ఇంకో గుడ్డితనం ఉంది. వధూవరుల చెంప మీద దిష్టి తగలకుండా పెట్టిన బుగ్గచుక్కను అవి పుట్టుమచ్చ అనుకుని చెరిపేస్తాయి. పుట్టుమచ్చను మొటిమ అనుకుంటాయి. చామనఛాయ ముఖాన్ని తెల్లబరచడమైతే ఎడిటర్ చేసే పనే. దాని వెనక సాంకేతిక లోపం ఏదీ లేదు కాబట్టి దాన్ని దిద్దుబాటు అనడం సరికాదు.

యంత్రం ఊహించిన ముఖం

కృత్రిమ మేధతో పనిచేసే పరికరాలు పైన చెప్పిన పనులన్నీ ఒక్క మీటతో చేస్తామంటాయి. లక్షల ఫోటోలు చూసి నేర్చుకున్న నమూనా, మసకగా ఉన్న ముఖాన్ని చూసి, ఇలాంటి మసక ఏ స్పష్టమైన ముఖం నుంచి వచ్చి ఉంటుందో ఊహిస్తుంది. ఊహ నమ్మదగినట్టే కనిపిస్తుంది. 2020లో పల్స్ అనే నమూనాకు బరాక్ ఒబామా ఫోటోను బాగా చిన్నది చేసి ఇస్తే, అది తెల్లజాతి మనిషి ముఖాన్ని స్పష్టంగా గీసి ఇచ్చింది. నమూనా చూసిన ముఖాలే అందులోంచి బయటికి వస్తాయి.

పెళ్ళి ఫోటోలో ఈ ఊహ తప్పే చోట్లు కొన్ని స్థిరంగా ఉంటాయి. మంగళసూత్రంలో పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి రెండు బిళ్ళలుంటాయి, ఇంటికో తీరున. మసకలోంచి తేల్చినప్పుడు అవి ఏదో ఒక లాకెట్టుగా మారిపోవచ్చు. నల్లపూసలు గొలుసైపోతాయి, బాసికం పూసల వరస తప్పుతుంది, వెనక పూలతో రాసిన తెలుగు అక్షరాలు ఏ భాషకూ చెందని వంపులవుతాయి. ముఖమైతే ఇంకా సున్నితం. ఒక తాతగారి కంటి చివర ముడత, పన్ను మీద పన్ను సర్దుకుంటే అందంగానే ఉంటుంది కానీ ఆ పెద్దమనిషిని మనవలు గుర్తుపట్టరు. మంచి ఎడిటర్లు ఈ పరికరాల ఫలితాన్ని వేరే లేయర్‌లో పెట్టి, దాని బలాన్ని సగానికి తగ్గించి, అదే మనిషి స్పష్టంగా ఉన్న ఇంకో ఫోటోను పక్కన పెట్టుకుని సరిచూస్తారు. గోడ, తివాచీ, ఆకాశం లాంటి వాటిని యంత్రం ఊహకు వదిలేస్తే నష్టం తక్కువ.

అచ్చు

దిద్దిన ఫోటో చివరికి చేరేది ఆల్బమ్‌లోకి. కరిజ్మా అని పిలుచుకునే డిజిటల్ ఆల్బమ్‌లో తెరిచిన షీటు తరచుగా 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల పొడవు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున దానికి 10,800 పిక్సెళ్ళ పొడవు కావాలి. 24 మెగాపిక్సెళ్ళ ఫోటో పొడవు 6,000. అందులో నాలుగో వంతు విస్తీర్ణానికి క్రాప్ చేస్తే 3,000 మిగులుతాయి, అంటే 10 అంగుళాల అచ్చుకు సరిపడా. చేతుల ఫోటోగా కత్తిరించినదాన్ని షీటు నిండా పరచబోతే పిక్సెళ్ళు పగిలిపోయేది ఇందుకే.

ఇదే లెక్కలో అన్నిటికంటే చౌకైన దిద్దుబాటు కూడా ఉంది. 6,000 పిక్సెళ్ళ ఫోటోలో చెయ్యి కదిలి ప్రతి బిందువూ 10 పిక్సెళ్ళు సాగిందనుకుంటే, 18 అంగుళాల వెడల్పున అచ్చేసినప్పుడు ఆ సాగుదల మిల్లీమీటరులో మూడొంతులు ఉండి ఎవరికైనా కనిపిస్తుంది. 5 అంగుళాలకు తగ్గిస్తే మిల్లీమీటరులో అయిదో వంతు, చేతిలో పట్టుకుని చూసే కంటికి ఇది దాదాపు హద్దు. ఒక్క మీటా నొక్కకుండా, ఆ ఫోటోను మూల చిన్న చట్రంలో వేసి పక్కన పదునైనది పెద్దగా వేస్తే చాలు, అది షేక్ అయిన ఫోటో అని ఇంట్లో ఎవరికీ తెలియదు.